కరెంటు పెట్టించుకొని ఇంటికి వచ్చాక

చంక కింది లింఫు గ్రంథులు తీసేసిన చెయ్యి ఎంత బరువు ఎత్తవచ్చు? రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన స్త్రీలు డాక్టర్లను తరచుగా అడిగే ప్రశ్న ఇది. చాలాకాలం దీనికి ఒకటే జవాబు ఉండేది: ఆ చేత్తో బరువులు ముట్టుకోవద్దు, నీళ్ళ బిందె కూడా ఎత్తొద్దు. ఆ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. చేతిలోని లింఫు ద్రవం ఎక్కువగా చంక మీదుగానే వెనక్కి మళ్ళుతుంది. అక్కడి గ్రంథులు తీసేస్తే ఆ దారి సన్నబడుతుంది. దాని మీద రేడియేషన్ కూడా పడితే కణజాలం గట్టిపడి ఇంకా ఇరుకవుతుంది. ద్రవం నిలిచిపోయి చెయ్యి బరువెక్కుతుంది, గాజులు ఎక్కనంతగా వాస్తుంది. వైద్యులు దీన్ని లింఫెడీమా అంటారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది వస్తుందని 2013లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. చికిత్స అయిన కొన్నేళ్ళకు మొదలైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పాత జవాబును 2009లో కాథరిన్ ష్మిట్జ్ బృందం తిరగరాసింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగిన ఆ ప్రయోగంలో లింఫెడీమా ఉన్న 141 మంది స్త్రీలు పాల్గొన్నారు. సగం మంది చేత వారానికి రెండుసార్లు, చేతికి బిగుతు తొడుగు వేయించి, మొదటి 13 వారాలు శిక్షకుల కళ్ళ ముందు, తరువాత సొంతంగా, కొద్దికొద్దిగా పెంచుతూ ఏడాది పాటు బరువులు ఎత్తించారు. చెయ్యి వాపు బరువులెత్తనివారి కంటే ఎక్కువగా పెరగలేదు. పైగా జబ్బు ఉన్నట్టుండి ముదరడం బరువులెత్తని గుంపులో వందకు 29 మందిలో కనిపిస్తే, ఎత్తిన గుంపులో 14 మందిలోనే కనిపించింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇది అచ్చయ్యాక ప్రపంచమంతటా డాక్టర్ల సలహా మారింది. మంచి ప్రయోగం, పకడ్బందీగా చేసిన ప్రయోగం. దాని ఫలితాన్ని శంకించడానికి ఇక్కడ దాన్ని ఎత్తుకోలేదు.

ఇప్పుడు కడప జిల్లాలో జమ్మలమడుగు వైపు రేగడి చేలో పత్తి తీసే కూలీని తలచుకుందాం. పొద్దున మొదలుపెడితే మాపటిదాకా ఆమె చెయ్యి కొన్ని వేలసార్లు ముందుకు చాచుకుంటుంది. పగిలిన పత్తికాయ తొనల కొనలు ఎండి గట్టిగా నిక్కి ఉంటాయి. గోళ్ళ పక్కన చర్మం గీరుకుపోని రోజు ఉండదు. పులివెందుల చుట్టూ చీనీ తోటల్లో కాయ కోసే చేతికి కొమ్మల ముళ్ళు తగులుతాయి. ప్రొద్దుటూరు మగ్గాల ఇళ్ళల్లో కండెలు చుట్టే ఆడవాళ్ళకు బరువు పని తక్కువే, కానీ గంటల తరబడి రాట్నం తిప్పే చెయ్యి ఒకే కదలికలో ఉంటుంది. లింఫు ప్రవాహం తగ్గిన చేతికి ముల్లు గీసినా తేలిగ్గా మానదు. గీరుకున్న చోట దూరిన బ్యాక్టీరియా చర్మం కింద పాకి చెయ్యి ఎర్రబడుతుంది, చలిజ్వరం వస్తుంది. అలాంటి దఫా వచ్చిన ప్రతిసారీ మిగిలిన లింఫు నాళాలు ఇంకొంచెం చెడతాయి, వాపు ఇంకొంచెం పెరుగుతుంది, మళ్ళీ ఇన్‌ఫెక్షన్ సోకడం ఇంకొంచెం సులువవుతుంది. వారానికి రెండు పూటలు శిక్షకులు నేర్పినట్టు బరువులెత్తిన స్త్రీల ఫలితం ఈ కూలీ చేతికి ఎంతవరకు వర్తిస్తుంది? పత్తికి పోవచ్చా, చేతికి తొడుగు వేసుకొని పోవాలా, కడప ఎండల్లో ఆ తొడుగు ఎంతసేపు భరించగలదు? ఈ ప్రశ్నలకు ఆ 141 మంది జవాబు చెప్పలేరు. వాళ్ళ జీవితాల్లో ఇవి లేవు.

క్యాన్సర్ తరువాతి జీవితాన్ని విడిగా అధ్యయనం చేయాలన్న ఆలోచన పాతదేమీ కాదు. ఫిట్జ్‌హ్యూ మలన్ అనే అమెరికన్ వైద్యుడు తానే క్యాన్సర్ బారిన పడి, 1985లో రాసిన వ్యాసంలో రోగి జీవితాన్ని మూడు రుతువులుగా చూపాడు. రోగం బయటపడి చికిత్స నడిచే కాలం ఒకటి. చికిత్స ముగిసి, మళ్ళీ వస్తుందేమోనని బిక్కుబిక్కుమనే కాలం రెండోది. ఇక రాదన్న నమ్మకం కుదిరి, చికిత్స మిగిల్చిన మచ్చలతో బతికే కాలం మూడోది. అంతవరకు వైద్యం మొదటి రుతువునే పట్టించుకుంది. ఇరవై ఏళ్ళ తరువాత, 2005లో, అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. చికిత్స అయిపోగానే రోగులు ఎవరి చేతుల్లోనూ లేకుండా పోతున్నారని, ఎవరికి వారికి తరువాతి సంరక్షణ ప్రణాళిక రాసివ్వాలని దాని సారాంశం. మన జిల్లాల్లో కరెంటు పెట్టించుకొని, అంటే రేడియేషన్ ముగించుకొని, ఇంటికి వచ్చిన స్త్రీ చేతిలో మాత్రలు, మళ్ళీ రావాల్సిన తేదీ రాసిన కేసు షీటు తప్ప వేరే కాగితం ఉండడం ఇప్పటికీ అరుదు.

సంఖ్యలు చిన్నవైతే దీన్ని పెద్ద ఆసుపత్రుల సొంత వ్యవహారంగా వదిలేయవచ్చు. చిన్నవి కావు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడ్డ స్త్రీలు సుమారు 1,92,000 మంది. ఆ ఏడాది దానివల్ల చనిపోయినవారు 98,000 మందికి పైగా. 2012-15 మధ్య రోగం బయటపడ్డవారిని 11 రిజిస్ట్రీల పరిధిలో వెంబడించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో అయిదేళ్ళ తరువాత బతికి ఉన్నవారు వందకు 66 మంది. అమెరికాలో ఈ లెక్క 90 దాటింది. మన స్త్రీలకు ఈ రోగం పాశ్చాత్యుల కంటే సుమారు పదేళ్ళు ముందుగా, బిడ్డలు ఇంకా బడిలో ఉన్న వయసులో వస్తోంది. హార్మోను మందులకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకం అక్కడ వందకు 12 నుంచి 15 మందిలో ఉంటే ఇక్కడ 30కి దగ్గరగా ఉంటోంది. వయసు వేరు, రోగం రకం వేరు, బయటపడే దశ వేరు. అయినా తరువాతి బతుకు గురించి మన డాక్టర్లు చదువుకునేదంతా దాదాపు అక్కడి స్త్రీల మీద చేసిందే.

తెలుగు నేల మీద క్యాన్సర్ లెక్క ఎట్లా ఉందో చూడండి. భారత వైద్య పరిశోధన మండలి 1980ల తొలినాళ్ళలో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక ప్రాంతంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో ఆసుపత్రులన్నీ తిరిగి నమోదు చేసే పద్ధతి అది. 2012-16 నివేదికలో ఉన్న 28 జనాభా ఆధారిత రిజిస్ట్రీల్లో తెలుగు నేలకు దక్కింది ఒక్క హైదరాబాద్ జిల్లా. అక్కడ వయసు సర్దిన లెక్కలో లక్ష మంది స్త్రీలకు 48 రొమ్ము క్యాన్సర్లు, ఆ నివేదికలోకెల్లా ఎక్కువ. కడప జిల్లా ఉన్న పెన్నా లోయ సంగతి ఆ పుస్తకంలో లేదు. పులివెందుల పక్కన వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపట్ల ఊళ్ళవాళ్ళు భూగర్భజలాల గురించి ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఆ ఊళ్ళల్లో క్యాన్సర్లు ఎక్కువా అని అడిగితే, అవునన్నా కాదన్నా, ప్రతి కేసునూ నమోదు చేసే రిజిస్ట్రీ లేనిచోట రెండూ ఊహలే. కడప జిల్లా మొత్తం పరిస్థితే ఇదైతే, అందులోని చిన్న సమూహాల మాట చెప్పనక్కర్లేదు.

ఆ చిన్న సమూహాలు ఎవరు? ప్రొద్దుటూరులో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. తెలుగే మాతృభాషగా ఉన్న దూదేకులవాళ్ళు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఉన్నారు. సుగాలీల తండాలు, ఎరుకలవాళ్ళ, యానాదుల కాలనీలు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో జిల్లా మొత్తం మీద షెడ్యూల్డు తెగలవారు వందకు ముగ్గురు కూడా లేరు. పరిశోధనలో ఇదే చిక్కు. ఎవరినీ కావాలని వెలివేయకపోయినా, ఆసుపత్రికి వచ్చిన మొదటి 200 మందిని తీసుకొని అధ్యయనం చేస్తే అందులో సుగాలీ స్త్రీలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఇద్దరి అనుభవంతో గణాంకం తయారుకాదు. కాబట్టి చిన్న సమూహాల నుంచి జనాభాలో వాళ్ళ వాటా కంటే ఎక్కువమందిని వెతికి తీసుకోవాలి. విశ్లేషణ చేసేటప్పుడు ఆ ఎక్కువను లెక్కలో సర్దాలి. సర్వేలు చేసేవాళ్ళకు ఇది తెలిసిన పద్ధతే. కాకపోతే వెతకడానికి మనుషులు, సమయం, డబ్బు కావాలి.

అమెరికాలో ఈ మాట చట్టంగా మారడానికి 1993 దాకా పట్టింది. ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య ప్రయోగాల్లో స్త్రీలనూ అల్పసంఖ్యాక జాతులవారినీ చేర్చి తీరాలని జాతీయ ఆరోగ్య సంస్థల పునరుజ్జీవన చట్టం ఆ ఏడాది శాసించింది. ఆ తరువాతి కాలంలో కిమ్లిన్ ఆషింగ్ వంటి పరిశోధకులు ఆఫ్రికన్ అమెరికన్, ఆసియన్, లాటినా స్త్రీలను పక్కపక్కన కూర్చోబెట్టి, రొమ్ము క్యాన్సర్ తరువాత బతుకు ఎట్లా ఉందో అడిగారు. అంతకుముందు ఈ విషయం మీద వచ్చిన రచనల్లో చదువుకున్న తెల్లజాతి మధ్యతరగతి స్త్రీల గొంతే ఎక్కువ. చేర్చడం వల్ల ఏం తేలింది? నల్లజాతి స్త్రీలకు ఈ రోగం తెల్లవారి కంటే కాస్త తక్కువగా వస్తున్నా, దానివల్ల చనిపోవడం మాత్రం సుమారు 40 శాతం ఎక్కువ. రెండు సమూహాలనూ విడివిడిగా లెక్కించకపోతే ఈ తేడా సగటులో కలిసిపోయి కనిపించేదే కాదు.

అయితే గడులు గీయడంలోనూ మోసముంది. అమెరికా రికార్డుల్లో మన తెలుగు స్త్రీ చాలాకాలం ‘ఆసియన్’ గడిలో చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం స్త్రీలతో కలిసిపోయింది. ఇంట్లో మనం చేసేది అంతకంటే మెరుగేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకులవాళ్ళు బీసీ-బీలో ఉంటారు, మరికొన్ని ముస్లిం సమూహాలు బీసీ-ఈలో, ఇంకొన్ని ఏ జాబితాలోనూ లేకుండా ఉంటాయి. సుగాలీలు ఇక్కడ షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటి కర్ణాటకకు పోతే వాళ్ళే షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. కడప నుంచి వేలూరుకో బెంగళూరుకో చికిత్సకు పోయిన స్త్రీలను కులధ్రువీకరణ పత్రం మీది వర్గాన్ని బట్టి లెక్కిస్తే మూడు రాష్ట్రాల్లో మూడు రకాల అబద్ధాలు వస్తాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ సమూహానికి చెందినవారమని తమకు తాము చెప్పుకుంటారు, ఏ పని చేసి బతుకుతారు? ఈ మూడూ అడిగి రాసుకుంటే చాలు, పత్రాల కంటే పరిశోధనకు ఎక్కువ పనికొస్తాయి.

ఇక ఆ స్త్రీలనే ఎందుకు అడగాలన్న దానికి ఒక ఉదాహరణ. హార్మోను గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ మాత్ర రోజుకొకటి అయిదేళ్ళ పాటు వేసుకుంటే చావు ముప్పు సుమారు మూడో వంతు తగ్గుతుంది. 2012లో వచ్చిన అట్లాస్ ప్రయోగం అయిదేళ్ళ కంటే పదేళ్ళు వేసుకోవడం ఇంకా మేలని చూపింది. పదేళ్ళంటే పది రంజాన్ నెలలు. పగలు మంచినీళ్ళయినా ముట్టని ఆ నెలలో పొద్దున మాత్ర అలవాటున్న స్త్రీ ఏం చేస్తుంది? శాస్త్రం దగ్గర దీనికి సులువైన జవాబుంది. టామోక్సిఫెన్ ఒంట్లోంచి సగం తగ్గడానికే అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. పొద్దుటి మాత్రను ఇఫ్తార్ వేళకో సహరీ వేళకో మార్చుకుంటే మందు పనిలో తేడా రాదు. ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక నెలంతా మానేస్తే, ఆ తరువాత మళ్ళీ మొదలుపెట్టడం మరిచిపోతే, అది వేరే సంగతి. మాత్రలు మానేసినవారి మీద ప్రపంచంలో బోలెడు అధ్యయనాలున్నాయి. ప్రశ్నావళి రాసినవాళ్ళకు రోజా గుర్తు రాకపోతే ఆ గడి ప్రశ్నావళిలో ఉండదు, అంతే. అదే మాత్ర వల్ల ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు పుట్టి చెమటలు పడతాయి. మే నెలలో 43 డిగ్రీల ప్రొద్దుటూరులో, రేకుల ఇంట్లో, అది మాత్ర వేడో ఎండ వేడో తేల్చడం ఏ డాక్టరుకైనా కష్టమే. చలిదేశాల స్త్రీలు ఇచ్చిన మార్కులతో తయారైన కొలమానాన్ని ఇక్కడికి తెచ్చి వాడేముందు దీన్ని కాస్త ఆలోచించాలి.

కొలమానాల సంగతే తీసుకుంటే, ప్రపంచమంతా వాడే ప్రశ్నావళి యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థది: సాధారణ జీవన నాణ్యతకు 30 ప్రశ్నలు, రొమ్ము క్యాన్సర్‌కు ప్రత్యేకంగా మరో 23. దాని మొట్టమొదటి ప్రశ్న శ్రమ గురించి, అందులోని ఉదాహరణలు బజారు సంచీ, సూట్‌కేసు. మన దగ్గర బిందె, గడ్డిమోపు, పత్తి బోరెం అని మార్చుకోవచ్చు. ఆ సర్దుబాటు తేలికే. కష్టమంతా వెనకవైపు ప్రశ్నల్లో ఉంది. ఒంటిని అద్దంలో చూసుకోగలుగుతున్నారా, భర్తతో దాంపత్యం ఎట్లా ఉంది అని అడగాలి. ఎక్కడ అడగాలి? ముందు గదిలో అత్త కూర్చొని ఉంటుంది, వాకిట్లో ఆడబిడ్డ. తమ భాషకు లిపి లేని తండా స్త్రీకి తెలుగు కాగితం చదివి వినిపించాలంటే మధ్యలో కొడుకో కోడలో దుబాసి కావాలి. కొడుకు ముందు ఆ ప్రశ్నకు ఏ తల్లి నిజం చెబుతుంది? ‘ఏం ఇబ్బంది లేదు’ అని రాసుకొని వస్తారు. అలాంటి జవాబులతో తయారైన పట్టికలో అల్పసంఖ్యాక స్త్రీలు మిగతావారి కంటే సుఖంగా ఉన్నట్టు తేలినా నేను ఆశ్చర్యపోను.

రొమ్ము తీసేసిన వైపు జాకెట్టులో ఏం పెట్టుకుంటున్నారన్నది ఇంకో అడగని ప్రశ్న. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ముల ధర కూలి కుటుంబానికి అందదు. చాలామంది దూది కుక్కుకుంటారు, లేదా రుమాలు మడిచి పెట్టుకుంటారు. దూదికి బరువుండదు కాబట్టి వంగి పనిచేస్తే పైకి జరుగుతుంది. చెమటకు తడిసి ముద్దవుతుంది, కుట్ల మీది పలుచని చర్మం ఒరుసుకుపోతుంది. చిరుధాన్యాలో గింజలో నూలు గుడ్డలో కుట్టి అదే బరువు తెచ్చే ఉపాయాలు దేశంలో అక్కడక్కడ చేశారు. కుట్టుపని తెలిసినవాళ్ళున్న ప్రొద్దుటూరులో ఇది పెద్ద పని కాదు. పనికొస్తుందా, పొలంలో నిలబడుతుందా అని వాడేవాళ్ళను అడిగి తేల్చడం కూడా పరిశోధనే. దానికి ప్రయోగశాల అక్కర్లేదు.

ఇంతవరకు చేర్చాలనే చెబుతున్నాను. చేర్చడం ఎట్లా చెడుతుందో తెలుగు నేల మీదే చూశాం. 2009 జులైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రదర్శన కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. వాళ్ళల్లో చాలామంది ఆశ్రమ హాస్టళ్ళల్లో ఉండే గిరిజన బాలికలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సమ్మతి సంతకాలు పెద్దసంఖ్యలో హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మధ్యకాలంలో జరిగిన కొన్ని మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. మంచి టీకా మీద అపనమ్మకం పెరగడానికి ఆ సంతకాలు చాలు.

ఎరుకలవాళ్ళ విషయంలో ఈ అపనమ్మకానికి ఇంకా పాత కారణం ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో పోలీసులు వాళ్ళ పేర్లు రిజిస్టర్లలో ఎక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. ఆ కాలం చూసినవాళ్ళ బిడ్డలు, మనవలు ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చే వయసులో ఉన్నారు. చదువు రానివారి చేత సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించడం మన పరిశోధనల్లో మామూలు. 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాలు అలాంటప్పుడు పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి దగ్గర ఉండాలంటాయి. ఆ సాక్షిగా ఊరి పెద్దనో వాలంటీరునో కూర్చోబెడితే నియమం నెరవేరుతుంది, భయం పోదు. ఆమె ఎంచుకున్న మనిషి సాక్షిగా ఉండాలి. వేలిముద్రకు బదులు మాటను ధ్వనిముద్రణ చేసే వీలు ఉన్నప్పుడు దాన్నే వాడాలి.

పేద స్త్రీలను ఏళ్ళ తరబడి వెంబడించడం అయ్యే పని కాదనే వాదన ఒకటి ఉంది. దీనికి ముంబైలో జవాబు దొరికింది. టాటా మెమోరియల్ సంస్థ తరఫున ఇంద్రనీల్ మిత్రా బృందం 1998లో అక్కడి మురికివాడల్లో 1,51,538 మంది స్త్రీలతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. కొద్దిపాటి చదువున్న స్త్రీలకే తర్ఫీదునిచ్చి, వాళ్ళ చేత రెండేళ్ళకోసారి రొమ్ము పరీక్ష చేయించారు. 20 ఏళ్ళ ఫలితం 2021లో వచ్చింది: పరీక్ష చేసినవారిలో రోగం ముదరకముందే బయటపడింది, 50 ఏళ్ళు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. తెలుగు రాష్ట్రాల్లో డాక్టర్ పి. రఘురామ్ ఆధ్వర్యంలో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు ఇలాంటి తర్ఫీదే ఇచ్చి లక్షల్లో స్త్రీలను పరీక్ష చేయించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామన్న 30-49 ఏళ్ళ స్త్రీలు దేశంలో వందకు ఒకరు కూడా లేరు, కాబట్టి గడ్డను ముందే పట్టుకునే పనికి తొందర ఉందని ఒప్పుకోవాలి. కానీ గడ్డను పట్టుకున్న కార్యకర్త చేతిలోనే, ఆపరేషన్ అయి వచ్చిన స్త్రీ చేతిని కొలిచే టేపు కూడా పెట్టవచ్చు. రెండు చేతులకూ ఒకే చోట చుట్టుకొలత తీస్తే 2 సెంటీమీటర్ల తేడా లింఫెడీమాకు వాడుకలో ఉన్న గుర్తు. ఇది నేర్పడానికి ఒక పూట చాలు.

జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు ఇలాంటి అధ్యయనానికి అనుకూలమైనవని నా అభిప్రాయం. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీవాళ్ళు పెట్టిన కాంప్‌బెల్ ఆసుపత్రి వందేళ్ళు దాటింది. ఆ మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన యువ వైద్యుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి తెరిచాడు. ముఖ్యమంత్రి అయ్యాక 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలుపెట్టిన ఆరోగ్యశ్రీ, మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతటా పాకింది. 2024లో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. రొమ్ము ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందులో ఉన్నందువల్ల, ఏ మండలం నుంచి ఎవరు ఏ తేదీన చికిత్స పొందారో దాని రికార్డుల్లో ఉంటుంది. ప్రభుత్వం దేనికి డబ్బు కట్టిందో అది చెబుతుంది. ఆ తరువాత ఆమె మాత్రలు మింగుతోందా, పనికి పోతోందా, బతికి ఉందా అన్నది చెప్పదు. ఆ పేర్ల నుంచి, వాళ్ళ సమ్మతితో, ఇంటి దాకా పోయే దారి వేయాల్సింది పరిశోధకులు.

ఆ దారిలో ఎవరు తప్పిపోతారన్నదాని మీదే ఫలితం నిజమో కాదో ఆధారపడి ఉంటుంది. వందమంది స్త్రీలతో అధ్యయనం మొదలైందనుకుందాం. రెండేళ్ళకు 60 మంది దొరికారు, వాళ్ళల్లో 50 మంది బాగున్నారు. ఆరుగురిలో అయిదుగురు క్షేమమని వ్యాసం అచ్చవుతుంది. దొరకని 40 మంది ఎవరు? కడప జిల్లా నుంచి ఇంటిపనికి కువైట్ పోయే స్త్రీలున్నారు, కుటుంబంతో బెంగళూరు కట్టడాలకు వలస పోయేవాళ్ళున్నారు, పుట్టింటికి పంపేయబడ్డవాళ్ళున్నారు, చనిపోయినవాళ్ళున్నారు. తప్పిపోయినవాళ్ళు దొరికినవాళ్ళలాంటివారే అయితే లెక్క చెడదు. ఇక్కడ అట్లా కాదు. బతుకు నిలకడగా ఉన్నవాళ్ళే ఊళ్ళో దొరుకుతారు. చిన్న సమూహాల స్త్రీలను మొదటి రోజున పోటీపడి చేర్చుకొని, రెండేళ్ళ తరువాత వెతకడం మానేస్తే, చేర్చనప్పటి కంటే పెద్ద తప్పు ఫలితం వాళ్ళ పేరు మీద చలామణి అవుతుంది.

కాబట్టి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో ముందే అనుకోవాలి. రేడియేషన్ కోసం ఈ ప్రాంతంవాళ్ళు కర్నూలు, తిరుపతి, వేలూరు, హైదరాబాద్ పోతారు. ఒకప్పుడు అయిదు వారాలు అక్కడే ఉండాల్సి వచ్చేది. బ్రిటన్‌లో జరిగిన స్టార్ట్ ప్రయోగాలు దాన్ని 15 విడతలకు, అంటే మూడు వారాలకు, 2020లో ఫాస్ట్-ఫార్వర్డ్ ప్రయోగం చాలామందికి అయిదు విడతలకు, ఒక్క వారానికి తగ్గించవచ్చని చూపాయి. చికిత్సే ఇంత దగ్గరపడుతుంటే, అధ్యయనం కోసం మళ్ళీ స్త్రీని ఆసుపత్రికి రమ్మనడం న్యాయం కాదు. ఉర్దూ వచ్చిన కార్యకర్త ప్రొద్దుటూరుకు, సుగాలీల భాష గోర్ బోలి వచ్చిన కార్యకర్త పులివెందుల తండాలకు పోవాలి; పత్తి, చెనిక్కాయ పనులు లేని నెలల్లో, మాపటి పూట. తప్పనిసరిగా కడపకు రావాల్సివస్తే ఆమె బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి ఛార్జీ, ఇద్దరి కూలి ఆ రోజే చేతికి ఇవ్వాలి. నిధులు కోరే దరఖాస్తుల్లో కంప్యూటర్లకూ సదస్సులకూ పద్దులుంటాయి. తోడు వచ్చే వదినకో చెల్లెలికో పోయిన కూలి కోసం పద్దు ఉండడం చాలా అరుదు. దాన్ని మొదటి పేజీలోనే రాసి, నిధులిచ్చే సంస్థ ఎందుకని అడిగితే పైన చెప్పిన 40 మంది లెక్క చూపించాలి.